గాయపాకుకి ప్లేటులో 14 మి.మీ. జోన్ వచ్చింది, మా మామ మందులు ఆపేశాడు

మామండూరు లత | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నా. ప్రాజెక్టుకి గాయపాకు తీసుకున్నా. గడ్డి చామంతి అని కూడా అంటారు, గట్ల మీద పొడుగాటి కాడకి ఒక్కొక్క చిన్న పువ్వు పూస్తుంది చూడండి, అదే. కొడవలి తెగినా, కంప గీసుకున్నా మా అవ్వ నాలుగు ఆకులు అరచేతిలో నలిపి పసరు పిండేది. చురుక్కుమనేది, కాసేపటికి నెత్తురు ఆగేది. ఆ ఆకునే పరీక్ష చేయాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక.

ఆకు నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీశా. అగార్ (క్రిములు పెంచే జెల్లీ) ప్లేటు మీద పుండ్లలో చీము పట్టించే స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా పరిచి, 6 మి.మీ. గుంట కోసి, అందులో సారం పోసి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచా. పొద్దున మూత తీస్తే గుంట చుట్టూ గుండ్రంగా తేటగా ఉంది, అంటే అక్కడ క్రిమి పెరగలేదు. ఆ తేట వలయాన్నే జోన్ అంటాం. స్కేలు పెట్టి కొలిస్తే 14 మి.మీ. పోల్చడానికి పెట్టిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్‌కి 28 వచ్చింది. ఈకోలై అనే ఇంకో బ్యాక్టీరియా పరిచిన ప్లేటులో మాత్రం ఆకు సారానికి ఏమీ రాలేదు.

సంతోషం పట్టలేక ఆ ఫోటో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి, "అవ్వ ఆకు క్రిముల్ని చంపుతోంది, ఇంగ్లీషు మందులో సగం బలం ఉంది" అని రాశా. మా పెద్దమామకి పదేళ్లుగా షుగరు. కుడికాలి బొటనవేలి కింద పుండు పడి రెండు వారాలుగా డ్రెస్సింగుకి వెళ్తున్నాడు, యాంటీబయాటిక్ వాడుతున్నాడు. నా ఫోటో చూశాక మూడు రోజులుగా రెండూ మానేసి, పచ్చి ఆకు నూరి గుడ్డతో కట్టుకుంటున్నాడట. ఈ రోజే తెలిసింది. "నువ్వే కదా నిరూపించావు" అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఆయనకి ఏమని చెప్పాలి? అసలు ఆ 14 మి.మీ.కి అర్థమేంటి?

డ్రెస్సింగ్ అక్క | సోమవారం రాత్రి 9:58

లతా, జోన్ సంగతి తర్వాత. మీ మామను రేపు పొద్దున్నే ఆస్పత్రికి పంపించు. పదహారేళ్లుగా పుండ్లకు కట్లు కడుతున్నా, షుగరు కాలు ఎలా మోసం చేస్తుందో రోజూ చూస్తున్నా. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి తగ్గుతోందనుకుంటారు. లోపల చీము ఎముక దాకా పోతుంటుంది.

ఈ మూడూ ఇప్పుడే అడుగు. వాసన వస్తోందా? పుండు చుట్టూ చర్మం ఎర్రబడి పైకి పాకుతోందా? జ్వరం, చలి ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా ఆగొద్దు.

ఇంకొకటి, రోడ్డు పక్క ఆకు మీద మట్టి ఉంటుంది. మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిమి గింజల్లా దాక్కుని ఉంటుంది, ఆకు నూరితే చావదు. పచ్చి ఆకు ముద్ద తెరిచి ఉన్న పుండులో పెట్టి గుడ్డ బిగించి కట్టడమంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

మామండూరు లత | సోమవారం రాత్రి 10:25

ఫోన్ చేశా అక్కా. జ్వరం లేదట. వాసన ఉందని అత్త చెప్పింది, మామ లేదంటున్నాడు. పొద్దున్నే తీసుకెళ్తామని మా బావ మాటిచ్చాడు.

అగార్ మాస్టారు | మంగళవారం ఉదయం 6:10

అమ్మా లతా, ముప్పై ఏళ్లు మైక్రోబయాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ని. నీ ప్రశ్న మంచిది. నాలుగు సంగతులు అడుగుతా, జవాబు చెప్పు. గుంటలో ఎంత పోశావు, ఏ గాఢతలో? సారాన్ని దేనిలో కరిగించావు? ఆ ద్రావకాన్ని ఒట్టిగా పోసిన గుంట పక్కన ఉందా? మీ అవ్వ వాడినట్టు నీళ్ల పసరు పరీక్షించావా?

మామండూరు లత | మంగళవారం ఉదయం 7:02

50 మైక్రోలీటర్లు పోశా సార్, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢత. మిథనాల్‌లోనే కరిగించా. ఒట్టి మిథనాల్ గుంట పెట్టలేదు. నీళ్ల పసరు పెట్టా, జోన్ రాలేదు, అందుకని దాన్ని టేబుల్‌లో వేయలేదు.

అగార్ మాస్టారు | మంగళవారం ఉదయం 7:40

దాచకుండా చెప్పావు, సంతోషం. ఇప్పుడు లెక్క చూద్దాం. నువ్వు పోసిన 50 మైక్రోలీటర్లలో ఆకు సారం 5 మిల్లీగ్రాములు. సిప్రో డిస్క్‌లో మందు 5 మైక్రోగ్రాములు. అంటే నీ సారం వెయ్యి రెట్లు ఎక్కువ. వెయ్యి రెట్లు ఎక్కువ పోస్తే 14 వచ్చింది, అందులో 6 మి.మీ. గుంటదే. "సగం బలం" అన్న మాట అక్కడే పడిపోయింది.

రెండోది, జోన్ వెడల్పు బలానికి నేరుగా కొలత కాదు. చిన్న అణువు అగార్‌లో చకచకా పాకుతుంది. ఆకులకు వగరునిచ్చే టానిన్ లాంటి పెద్దది గుంట అంచునే అతుక్కుని కూర్చుంటుంది. అందుకే రెండు వేర్వేరు పదార్థాల జోన్లు పక్కపక్కన పెట్టి ఇది దానిలో ఎంత వంతు అని చెప్పకూడదు. ద్రవంలో పలచన చేసుకుంటూ వెళ్లి, ఏ గాఢత దాకా క్రిమి పెరగలేదో చూడాలి. ఎంఐసీ అంటామే, అది కావాలి.

ఈకోలైకి రాకపోవడంలో వింత లేదు. ఈకోలై లాంటి గ్రామ్ నెగటివ్ క్రిములకు వెలుపల ఇంకో పొర ఉంటుంది, చాలా మొక్కల పదార్థాలు దాన్ని దాటలేవు. మీ మామ పుండులో ఉన్నది ఒక్క స్టాఫ్ అని ఎవరు చెప్పారు? షుగరు పుండ్లలో తరచూ రెండు మూడు రకాలు కలిసి ఉంటాయి.

సారాన్ని పూర్తిగా ఆరబెట్టి, ఇంకో ద్రావకమైన డీఎంఎస్‌ఓలో కరిగించి మళ్లీ చెయ్యి. ఒట్టి మిథనాల్, ఒట్టి డీఎంఎస్‌ఓ గుంటలు పక్కన పెట్టు, జోన్ ఆకుదో ద్రావకానిదో తేలుతుంది. మూడు ప్లేట్లు వెయ్యి.

కాళహస్తి శివ | మంగళవారం ఉదయం 9:15

మాస్టారూ, పెద్దవారు, ఏమీ అనుకోవద్దు. మన పెద్దవాళ్లు వందల ఏళ్లుగా వాడి బతికిన ఆకుల్ని ఇలా మిల్లీగ్రాముల లెక్కలతో కొట్టిపారేస్తుంటే బాధేస్తుంది. మా నాన్నకి కామెర్లు వస్తే పసరు మందుతోనే తగ్గింది, కళ్లారా చూశా. ఆకుతో తగ్గితే మందుల కంపెనీలకు డబ్బు రాదు, అందుకే పరిశోధన జరగనివ్వరు.

కొండగుగ్గిలం | మంగళవారం మధ్యాహ్నం 1:20

శివన్నా, నేను బోటనీలో పరిశోధన చేస్తున్నా, మొక్కలంటే నాకూ ప్రాణం. ఒక విషయం చెప్పాలి. గాయపాకు మన దేశపు మొక్కే కాదు. మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చి ఇక్కడ గట్లన్నీ ఆక్రమించింది. పాత సంస్కృత గ్రంథాల్లో దీన్ని వెతకడం దండగ. నాకు ఇందులోనే గొప్పతనం కనిపిస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన కలుపు మొక్కని మన అవ్వలు నలిపి చూసి, తెగిన చోట పెట్టి చూసి, పనికొచ్చే ఆకుగా గుర్తుపెట్టుకున్నారు. ఎవరో రాసిపెట్టింది చదివి కాదు, వాళ్ల కళ్లతో చూసి. అదీ ప్రయోగమే. లత చేస్తున్నది దానికి తర్వాతి మెట్టు.

పరిశోధన జరగడం లేదన్నది నిజం కాదు. మలేరియాకి ఇప్పుడు ఇచ్చే ఆర్టెమిసినిన్ చైనాలో పాత వైద్య గ్రంథం చదివి ఒక ఆకులోంచి తీసిందే. కాచితే పని చేయడం లేదు. గ్రంథంలో నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది, కాచమని లేదు. ఆ మాట పట్టుకుని చైనా శాస్త్రవేత్త తూ యూయూ తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 2015లో నోబెల్ వచ్చింది. అయినా ఆ ఆకు టీ తాగి మలేరియా తగ్గించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు, ఆకులో మందు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి.

అగార్ మాస్టారు | మంగళవారం సాయంత్రం 5:30

శివ గారూ, కొట్టిపారేయడం లేదండీ. కామెర్ల గురించి అన్నారు కాబట్టి చెప్తా, ఈ కథ నాకు బాగా దగ్గరిది. మన పక్కనే మద్రాసులో హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవాళ్లకి నేల ఉసిరి పొడి ముప్పై రోజులు ఇచ్చి చూశారు. 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మందు తిన్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మాత్ర తిన్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఆ వైరస్‌ను కనుక్కుని నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ పరిశోధనలో ఉన్నారు. ఆ రోజు క్లాసులో పిల్లలకు చదివి వినిపిస్తుంటే నా గొంతు పూడుకుపోయింది. మన చేల గట్ల మీద ఊరికే మొలిచే మొక్క! తర్వాత వేరే చోట్ల అదే పద్ధతిలో చేశారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఎంత బాధపడ్డానో చెప్పలేను. మళ్లీ చేస్తే మళ్లీ రావాలి, అప్పుడే మనది.

ఇక మీ నాన్నగారి సంగతి. మన దగ్గర కామెర్లు ఎక్కువగా కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. అవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. గర్భిణులకు మాత్రం ఇ రకం ప్రాణం మీదికి వస్తుంది, వాళ్లని పసరు దగ్గరికి తీసుకెళ్లి రోజులు పోగొట్టొద్దు.

పలమనేరు పాలు | మంగళవారం రాత్రి 8:45

సార్, నాది పాడి. పదకొండు ఆవులున్నాయి, అన్నీ జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరం. ఆకు మందు పని చేస్తుందా అని మీరంతా మాట్లాడుకుంటా ఉంటే నాకు చెప్పాలనిపించింది. పొదుగు వాపు వస్తే ముందు నేను చేసేది ఇదీ. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలం సున్నం 15 గ్రాములు కలిపి నూరతాము. ఇది మా ఊరి చిట్కా కాదు, పాడి బోర్డు వాళ్లు రైతులకు నేర్పిన పద్ధతే. చన్నుల్లో పాలు ఖాళీగా పిండేసి, పొదుగు కడిగి, ముద్దను నీళ్లతో పలచన చేసి పొదుగంతా పూస్తాము. రోజుకి పదిసార్లు, ఐదు రోజులు. విసుగు పడకూడదు.

పసుపూ సున్నం కలిసినప్పుడు ముద్ద ఎర్రగా పారాణి లెక్క అవుతుంది. మా ఆడబిడ్డ చూసి గౌరమ్మకి పెట్టినట్టు ఉండాది అంటుంది.

పాలు కొంచెం పలచబడి, పొదుగు ఒక పక్క గట్టిపడి వేడిగా ఉన్నప్పుడే మొదలుపెడితే నా ఆవుల్లో చాలావాటికి తగ్గింది. పాలల్లో రక్తం, చీము ముక్కలు పడినా, ఆవు మేత మానేసినా ఆగను, డాక్టరుకి ఫోన్ చేస్తా. నిరుడు ఒకదానికి ఆలస్యం చేసి ఒక చన్ను పోగొట్టుకున్నా. ఇప్పటికీ దాన్ని పిండేటప్పుడు ఆ మూడో చన్ను మీద చెయ్యి పడితే మనసు చివుక్కుమంటుంది.

ఇంకోటి సార్. యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించిన ఆవు పాలు చెప్పినన్ని రోజులు కేంద్రానికి పోయకూడదు. ఒకసారి ఇంట్లో తెలియక తోడు పెడితే తెల్లారినా పెరుగు తోడుకోలేదు, పాలు పాలుగానే ఉన్నాయి. ఆ రోజు నాకు అర్థమైంది, ఆ మందు పిల్లల కడుపులోకీ ఇట్లానే పోతుంది కదా అని.

అగార్ మాస్టారు | మంగళవారం రాత్రి 9:20

అన్నా, ఆ తోడుకోని పాలే నా పాఠం మొత్తం. పెరుగు చేసేదీ బ్యాక్టీరియానే. పాలల్లో మిగిలిన మందు తోడును చంపేసింది.

మీ ముద్ద ఎర్రబడటానికి కారణం పసుపులోని కర్కుమిన్. క్షారం తగిలితే అది ఎర్రగా మారుతుంది. సున్నం గట్టి క్షారం, అందులో చాలా క్రిములు బతకలేవు. కలబంద జిగట ఆ ముద్దను చర్మానికి పట్టి ఉంచుతుంది. ఇక రోజుకి పదిసార్లు పాలు తీసి పొదుగు కడగడమే సగం వైద్యం. ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం, కానీ ఇక్కడ మందు పైపూత మాత్రమే.

లతా, నువ్వు పట్టుకోవాల్సింది ఇదే. ఆకు పైపూతగా ఉన్నప్పుడు కథ వేరు, కడుపులోకి వెళ్లి రక్తంలో పని చేయాలంటే కథ వేరు. ఎంఐసీ చూశాక నీకే తెలుస్తుంది.

చంద్రగిరి వైద్యుడు | బుధవారం ఉదయం 8:05

ఆయుర్వేద వైద్యుణ్ని. ఒక సవరణ. పచ్చి ఆకు నూరి పుండులో కూరడమే ఆయుర్వేదమని జనం అనుకుంటున్నారు, అది మా శాస్త్రానికి అన్యాయం. సుశ్రుతుడు వ్రణానికి అరవై ఉపక్రమాలు, అంటే చికిత్సా పద్ధతులు చెప్పాడు. కడగడం, కోయడం, చీము తీయడం, కట్టు కట్టడం అన్నీ అందులో ఉన్నాయి. పుండు కడగడానికి త్రిఫల కషాయం వాడతాం. కరక్కాయ, తానికాయ, ఉసిరిక నీళ్లలో బాగా మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా. మరిగించాం కాబట్టి మామూలు క్రిములు పోతాయి, కరక్కాయ వగరు కండను బిగిస్తుంది. ఇంత చేసినా, షుగరు ఉండి వాసన వచ్చే పుండుని నేను నా దగ్గర ఉంచుకోను. సర్జన్‌కి రాసి పంపిస్తా.

అగార్ మాస్టారు | బుధవారం ఉదయం 8:50

వైద్యుల మాట అక్షరాలా నిజం. ఆ వగరే టానిన్. మా ప్లేట్లలో మమ్మల్ని ఎక్కువగా మోసం చేసేదీ అదే. ఏ ప్రొటీన్ కనబడితే దాన్ని పట్టుకుంటుంది, అందుకే ప్లేటులో ప్రతి క్రిమినీ ఆపినట్టు కనిపిస్తుంది. సారంలోంచి టానిన్ తీసేసి మళ్లీ పరీక్షిస్తే చాలాసార్లు జోన్ మాయం.

కొండగుగ్గిలం | బుధవారం రాత్రి 10:10

లత లాంటి పిల్లలందరికీ నా విన్నపం ఒకటి. గట్టు మీది గాయపాకు తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ప్రాజెక్టు కొత్తగా ఉండాలని శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లో మాత్రమే దొరికే మొక్కల మీద పడుతున్నారు. మొగి, తెల్లకరక, కొండ గుగ్గిలం, తంబ జాలారి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయిన అడవి, అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. జిగురు కోసం గుగ్గిలం చెట్టుకి పెట్టిన గాట్లు తలకోన దారిలో చూశా. మానులోపలికి దిగిన గాటు, దాని కింద ఎండిన జిగురు, చుట్టూ బెరడు నల్లబడి. నన్నారి షర్బత్ కోసం మారేడు తీగ గడ్డలు తవ్వేస్తే ఆ తీగ మొత్తం పోతుంది, గడ్డే కదా దాని ప్రాణం.

పది గ్రాముల పొడి చేసి, 12 మి.మీ. జోన్ అని రాసి, ఆ పొడి డబ్బా ల్యాబ్ మూలన పడేసేదానికి ఆ చెట్టు బలి కావాలా? ముందు మొక్క సరిగ్గా ఏదో హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) సరిచూసుకోండి. నమూనా షీటు ఒకటి దాచండి. సగం పేపర్లలో అసలు ఏ మొక్కో తేలదు.

కాళహస్తి శివ | గురువారం ఉదయం 7:30

మాస్టారూ, మీ మాటలు రెండు రోజులుగా ఆలోచిస్తున్నా. నాన్నకి వాటంతటవే తగ్గి ఉండొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. ఒక్కటి అడుగుతా. మొక్కల్లో నిజంగా క్రిముల్ని చంపేది ఏదైనా ఉందా, లేక అంతా టానినేనా?

అగార్ మాస్టారు | గురువారం ఉదయం 9:00

ఉందండీ. లవంగ నూనెలో యూజెనాల్ ఉంది, పంటి డాక్టరు దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి పన్నులో పెడతారు. వెల్లుల్లిని చితక్కొట్టినప్పుడు పుట్టే అల్లిసిన్‌ను 1944లోనే విడదీశారు. ఇవి కూడా తగిలిన చోట పని చేసేవే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మానుపసుపు కథ. ఆ చెక్కను పసుపుపచ్చగా చేసేది బెర్బెరిన్. స్టాఫ్ మీద ఒట్టి బెర్బెరిన్ పెద్దగా పని చేయదు. క్రిమి దాన్ని లోపలికి రానిచ్చి, ఒక పంపుతో మళ్లీ బయటికి తోడేస్తుంది. 2000లో తేలిందేమిటంటే, బెర్బెరిన్ చేసే కొన్ని బెర్బెరిస్ మొక్కలు ఆ పంపును మూసే ఇంకో పదార్థాన్నీ తయారు చేసుకుంటాయి. ఆ రెండో పదార్థం ఒంటరిగా ఏ క్రిమినీ చంపదు. బెర్బెరిన్‌తో కలిస్తే మాత్రం స్టాఫ్ నిలవదు. మందులకు లొంగని క్రిములు పెరిగిపోతున్న ఈ రోజుల్లో, ఒట్టిగా జోన్ ఇవ్వని ఆకును కూడా ఎందుకు పారేయకూడదో ఇందులో ఉంది. పాత యాంటీబయాటిక్‌తో కలిపి పరీక్షించాలి. లతా, వీలైతే నీ సారాన్ని కూడా అలా చూడు.

మామండూరు లత | ఆదివారం సాయంత్రం 6:15

ఆలస్యానికి క్షమించండి, అటు ఆస్పత్రి, ఇటు ల్యాబ్.

ముందు మామ సంగతి. మంగళవారం పొద్దున చేర్చాం. పుండు విప్పితే ఆకు పీచు లోపల ఇరుక్కుని ఉంది, కింద పచ్చటి చీము. డాక్టరు చచ్చిన కండ తీసేశారు. ఎక్స్‌రేలో ఎముకకు పాకలేదని చెప్పగానే అత్త అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. చీము కల్చర్‌లో స్టాఫ్‌తో పాటు సూడోమోనాస్ కూడా వచ్చింది. నా ప్లేటులో నేను ఒక్కసారి కూడా పెట్టని క్రిమి. రిపోర్టు చూసి మందు మార్చారు. వేలు నిలబడుతుందని చెప్పారు.

ఇక ల్యాబ్. ఒట్టి మిథనాల్ గుంటకే 9 మి.మీ. వచ్చింది సార్. డీఎంఎస్‌ఓలో కరిగించిన సారానికి మూడు ప్లేట్లలో 11, 11, 10. ఒట్టి డీఎంఎస్‌ఓకి ఏమీ లేదు. ఎంఐసీ మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. మీరన్నట్టు, రక్తంలో పని చేయాలంటే ఎంత కావాలో లెక్క వేశా. మనిషి రక్తం ఐదు లీటర్లనుకుంటే 25 గ్రాముల సారం, ఒక్క చుక్క వృథా కాకుండా, రక్తంలోకి ఎక్కాలి. నాకు 100 గ్రాముల పొడికి 8 గ్రాముల సారం వచ్చింది. అంటే 300 గ్రాములకు పైగా ఎండు పొడి, పచ్చి ఆకైతే కిలోన్నర దాటుతుంది, అదీ ఒక్కపూటకి. నోట్‌బుక్‌లో ఆ అంకె రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

నీళ్ల పసరు సున్నా ఈసారి టేబుల్ మొదటి వరుసలో వేశా. వాట్సాప్ గ్రూపులో పాత ఫోటో తీసేసి, ఈ లెక్క మొత్తం మామూలు మాటల్లో రాసి పెట్టా.

డ్రెస్సింగ్ అక్క | ఆదివారం సాయంత్రం 6:40

వేలు నిలబడుతుందన్న మాట చదివి కళ్లు చెమర్చాయి. షుగరు రోజూ రాసిపెట్టుకోమను. ఉత్త కాళ్లతో ఇంట్లో కూడా నడవనివ్వొద్దు. రాత్రి పడుకోబోయే ముందు అత్తను అరికాలు చూడమను, ఆయనకి కనపడదు.

పలమనేరు పాలు | ఆదివారం రాత్రి 7:30

అమ్మా, అట్లయితే మీ అవ్వ పసరుకి నెత్తురు ఎట్లా ఆగేది?

అగార్ మాస్టారు | ఆదివారం రాత్రి 8:00

అన్నా, చిన్న తెగుడు మీద గట్టిగా అదిమి పట్టుకుంటేనే చాలావరకు ఆగుతుంది, పసరు వేసేటప్పుడు అవ్వ చేసింది అదే. ఆకులోని వగరు కూడా తోడై ఉండొచ్చు. గాయపాకు గాయం మానడానికి సాయం చేస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది కూడా. క్రిమిని చంపడం వేరు, గాయం పూడటం వేరు. లత జవాబు మొదటిదానికే.

లతా, ఆ సున్నా ఉన్న టేబుల్ ఫోటో నాకు పంపమ్మా. రిపోర్టులో అది తీసేయమని ఎవరైనా అంటే తీయకు.

మామండూరు లత | ఆదివారం రాత్రి 9:05

పంపించా సార్. మా గైడ్ చూసి, కింద మిథనాల్ గుంట కొలత కూడా కలపమన్నారు, అంతే.

అవ్వకి అంతా విడమరిచి చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొడవలి తెగినదానికి పెట్టేదాన్నే గానీ, ఇట్లాంటి కుళ్లే పుండుకి ఎన్నడైనా పెట్టినానా?" అంది. నిజమే, ఎప్పుడూ పెట్టలేదు. రేపు మామ డ్రెస్సింగుకి నేను తోడు వెళ్తున్నా. అవ్వ కూడా వస్తానంటోంది, కట్టు ఎలా కడతారో చూడాలట.